రాని కబురు కొరకు

మన భాషలో నిరీక్షణకు పదాల కొరత లేదు. ఎదురుచూపు, పడిగాపు, ఎదురుతెన్నులు. ఇవి చాలవన్నట్లు కన్నులు కాయలు కాయడం అనే జాతీయం ఒకటి. ఆలంకారికులు మరికొంత ముందుకు వెళ్లి, ఎదురుచూచే నాయికనే అవస్థాభేదాన్ని బట్టి విభజించారు. అలంకరించుకొని వాకిలివైపు చూస్తూ కూర్చున్నది వాసకసజ్జిక. ప్రియుని ఆలస్యానికి కలత చెందేది విరహోత్కంఠిత. చెప్పిన చోటికి వాడు రాక వంచితురాలైనది విప్రలబ్ధ. దేశాంతరమేగిన వానికై కృశించేది ప్రోషితభర్తృక. విద్వాన్ పరీక్షకు ఈ లక్షణాలన్నీ వల్లె వేసిన రోజులలో, ఇవి నాలుగూ ఒకే చోట, అందులోనూ వీడియో ఆటల అభిమానులలో కనబడతాయని ఎవరైనా చెప్పి ఉంటే నవ్వి ఊరుకొనేవాణ్ణి. ఇప్పుడు ఆ సంగతే వ్రాయబోతున్నాను.

వీడియో ఆట అనగానే తెరమీద తుపాకులు పేల్చుకోవడమేగా అనుకొనే మిత్రులకు ముందుగా ఒక మాట. ఇందులో కథ ఉంటుంది, పాత్రలుంటాయి, సంగీతముంటుంది. ఒక్కొక్క ఆట ముగించడానికి నలభై యాభై గంటలు పట్టవచ్చును. దానిని మనసుపెట్టి ఆడినవాడు ఉత్తరభాగం కొరకు వేచి ఉండడంలో వింతేమీ లేదు. మన వారపత్రికలలో ధారావాహికలు వెలువడిన కాలంలో "సశేషం" అన్న మాట దగ్గర ఆగిపోయి మరుసటి సంచిక కొరకు పడిగాపులు పడినవారే మనలో ఎక్కువమంది. అయితే ఆ పడిగాపుకు వారమో, నెలో ఒక హద్దు ఉండేది. ఇక్కడ హద్దు లేదు. ఉన్నా దానిని ఎవరూ చెప్పరు.

ఈ జ్వరం తొలిసారిగా లోకం కంటబడినది జపానులో. 1988 ఫిబ్రవరి 10, బుధవారం నాడు ఎనిక్స్ సంస్థ 'డ్రాగన్ క్వెస్ట్ 3' ను విడుదల చేసింది. కథ యూజీ హోరీది, పాత్రల బొమ్మలు అకిరా తోరియామావి. అప్పటికి అంతర్జాలం ఇళ్లలోకి రాలేదు కదా. కొత్త ఆటను గూర్చిన కబుర్లు 'షోనెన్ జంప్' అనే బాలుర వారపత్రికలో చిటికెడు చిటికెడుగా వస్తూ ఉండేవి. విడుదలైన రోజునే పది లక్షలకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. దుకాణాల ముందు తెల్లవారక మునుపే బారులు తీరారు. బడి ఎగ్గొట్టి ఆ వరుసలలో నిలుచున్న పిల్లలను పోలీసులు వందల సంఖ్యలో పట్టుకొన్నారు. అటు తరువాత ఆ ఆటను పనిదినాలలో అమ్మరాదని జపాను ప్రభుత్వం చట్టం చేసిందని ఒక కథ నేటికీ చెప్పుకొంటూ ఉంటారు. అది కట్టుకథ. చట్టమేమీ లేదు, నాలుగవ భాగం మాత్రం 1990 ఫిబ్రవరి 11న, ఆదివారం నాడు వచ్చింది. (కొత్త సినిమా విడుదలైన రోజున హాజరుపట్టీ పిలిచిన అనుభవం ఉన్న ఉపాధ్యాయులకు ఆ జపాను పిల్లల మీద కోపం రాదు.)

ఇది సుఖాంతమైన నిరీక్షణ. తేదీ చెప్పారు, ఆ తేదీకి వచ్చింది. అసలు చిక్కు చెప్పిన మాట తప్పినప్పుడు మొదలవుతుంది.

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో గార్లండ్ అనే ఊరు. అక్కడి త్రీడీ రెల్మ్స్ అనే సంస్థ 1996లో 'డ్యూక్ న్యూకెమ్ త్రీడీ' అనే ఆటతో విశేషంగా ధనం గడించింది. 1997 ఏప్రిల్‌లో దాని తరువాతి భాగం 'డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్' వస్తున్నదని ప్రకటించింది. మరుసటి ఏడే వస్తుందని అందరూ అనుకొన్నారు. 1998లో ఆటకు ఆధారమైన సాంకేతిక యంత్రాంగాన్ని మార్చారు. 'క్వేక్ 2' పునాదిని విడిచి 'అన్‌రియల్' పునాది మీదికి వెళ్లారు. అంటే కట్టిన గోడలలో సగం పడగొట్టి మళ్లీ ఎత్తడమే. 2001లో లాస్ ఏంజిలెస్‌లో జరిగిన ఈత్రీ ప్రదర్శనలో ఒక చిన్న చిత్రం చూపారు. చూచినవారు మైమరచిపోయారు. ఆ తరువాత ఏళ్లకేళ్లు మౌనం. ఎప్పుడు వస్తుందని అడిగితే, పూర్తయినప్పుడు వస్తుందన్నది ఒక్కటే సమాధానం. రానురాను ఆ సమాధానమే లోకంలో హాస్యమైపోయింది. రాని వస్తువులకు ఏటేటా పరిహాసపు బిరుదులిచ్చే 'వైర్డ్' పత్రికవారు 2003లో దీనికి జీవనసాఫల్య పురస్కారమే ఇచ్చేశారు! అభిమానులు ఊరుకుంటారా? ఈ ఆటను ప్రకటించిన నాటి నుండి లోకంలో జరిగిపోయిన ఘనకార్యాలన్నింటికీ జాబితా కట్టి నవ్వుకొన్నారు.

నవ్వుల మాటున జరిగినది మాత్రం నవ్వదగినది కాదు. 2009 మేలో సొమ్ము నిండుకొని, సంస్థ ఆ ఆటను తయారుచేస్తున్న బృందాన్ని పనిలోనుండి తొలగించింది. ప్రచురణకర్తలైన టేక్-టూ వారు న్యాయస్థానానికెక్కారు. పని పోయినవారిలో కొందరు ఆ ఆటను చంపుకోలేక, ఇళ్లలో కూర్చొని పని సాగించారు. 2010లో గేర్‌బాక్స్ అనే మరొక సంస్థ దానిని చేపట్టింది. చివరికి 2011 జూన్‌లో ఆట బయటికి వచ్చింది. పదునాలుగేండ్ల పైచిలుకు నిరీక్షణ! వచ్చినదానిని విమర్శకులు తూర్పారబట్టారు. 1997 నాటి హాస్యం 2011లో ఎవరికి రుచిస్తుంది? ఎదురుచూచిన పదిహేనేళ్ల కుర్రవాడు ముప్పైయేళ్ల గృహస్థు అయినాడు. డ్యూక్ మాత్రం మారలేదు.

ఇక్కడ ఒక చిన్న పక్కదారి. ఒకరు మొదలుపెట్టినదానిని మరొకరు పూరించడం మనకు కొత్త కాదు. నన్నయ భారతం పదకొండవ శతాబ్దిలో అరణ్యపర్వం నడుమ ఆగిపోయింది. పదమూడవ శతాబ్దిలో తిక్కన ఆ మిగులును తాకక విరాటపర్వం నుండి పదునైదు పర్వాలు వ్రాశాడు. అరణ్యపర్వశేషం కొరకు తెలుగువారు పదునాలుగవ శతాబ్దిలో ఎఱ్ఱన వచ్చేదాకా, రెండున్నర శతాబ్దాలకు పైగా ఆగవలసి వచ్చింది. ఎఱ్ఱన ఆ పూరణను రాజరాజనరేంద్రునికే అంకితంగా, నన్నయ పేరుమీదనే నడిపి, అతుకు కనబడనీయక పైకి వచ్చాడు. గేర్‌బాక్స్ వారికి అటువంటి ఎఱ్ఱన దొరకలేదు. అంతే తేడా.

'హాఫ్-లైఫ్' కథ మరొక విధం. వాషింగ్టన్ రాష్ట్రంలోని వాల్వ్ సంస్థ 'హాఫ్-లైఫ్ 2' తరువాతి కథను మూడు చిన్న భాగాలుగా ఇస్తామన్నది. మొదటిది 2006లో, రెండవది 2007 అక్టోబరులో వచ్చాయి. రెండవ భాగం చివర నాయిక కళ్లయెదుటనే ఆమె తండ్రి మరణిస్తాడు. కథ అక్కడ ఆగింది. మూడవ భాగం రాలేదు. రాదన్న మాట కూడ రాలేదు. ఇదిగో, ఇదే ప్రోషితభర్తృక అవస్థ. 2017 ఆగస్టులో, అప్పటికే సంస్థ నుండి వైదొలగిన కథారచయిత మార్క్ లెయిడ్‌లా ఒక లేఖ ప్రకటించాడు. పాత్రల పేర్లు మార్చి, ఆడవారిని మగవారిగా, మగవారిని ఆడవారిగా మార్చి వ్రాసిన లేఖ అది. పోల్చుకోవడానికి అభిమానులకు క్షణం పట్టలేదు. తాము పదేళ్లుగా ఎదురుచూచిన మూడవ భాగపు కథ అందులో ఉంది. ఆట లేదు, దాని ఇతివృత్తం మాత్రం మిగిలింది. 2024 నవంబరులో, 'హాఫ్-లైఫ్ 2' కు ఇరవై ఏళ్లు నిండిన సందర్భంలో వెలువడిన ఒక వృత్తచిత్రంలో వాల్వ్ వారే ఆ వదిలివేసిన భాగపు దృశ్యాలను కొన్ని చూపారు.

ఎదురుచూపు విషమించిన సందర్భమూ ఒకటి చెప్పాలి. పోలండ్ దేశపు సీడీ ప్రొజెక్ట్ రెడ్ సంస్థ 'సైబర్‌పంక్ 2077' ను 2012లో ప్రకటించింది. 2020లో తేదీని మూడుమార్లు వాయిదా వేసింది. అక్టోబరులో మూడవ వాయిదా చెప్పినప్పుడు, ఆట తయారుచేస్తున్నవారికి చంపుతామని బెదిరింపులు వచ్చాయి. వినోదం కొరకు ఎదురుచూచేవాడు ఆ వినోదాన్ని ఇచ్చేవాని ప్రాణం తీస్తాననడం ఏ రసం క్రిందికి వస్తుందో నాకు బోధపడదు. డిసెంబరులో ఆట వచ్చింది, దోషాల పుట్టగా. సోనీ వారు తమ దుకాణం నుండి దానిని కొన్ని నెలలపాటు తొలగించారు. తొందరపెట్టినవారూ, తొందరపడినవారూ ఇద్దరూ నష్టపోయారు.

ఇప్పుడు నా మనసుకు దగ్గరైన కథ. ఇది నాకు మా అమ్మాయి కొడుకు ద్వారా తెలిసింది.

ఆస్ట్రేలియాలో అడిలైడ్ నగరం. అరి గిబ్సన్, విలియమ్ పెలెన్ అనే ఇద్దరు మిత్రులు టీమ్ చెర్రీ అనే చిన్న సంస్థ పెట్టారు. 2014లో కిక్‌స్టార్టర్ ద్వారా జనం నుండి చందాలు పోగుచేశారు. అడిగినది 35 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు, వచ్చినది 57 వేల పైచిలుకు. ఆ ధనంతో 2017 ఫిబ్రవరిలో 'హాలో నైట్' అనే ఆటను వెలువరించారు. పురుగుల రాజ్యం ఒకటి శిథిలమై భూగర్భంలో ఉంటుంది. అందులో ఒక చిన్న పురుగు యోధుడు ఒంటరిగా తిరుగుతూ ఉంటాడు. బొమ్మలన్నీ చేతితో గీసినవి. క్రిస్టఫర్ లార్కిన్ సంగీతం. (మనవడు వినిపించాడు, కరుణరసం.) 2025 నాటికి కోటిన్నర ప్రతులు అమ్ముడుపోయాయట.

చందాలు పోగుచేసిన రోజులలో, ఫలానా మొత్తం దాటితే రెండవ నాయకపాత్రను కూడ ఇస్తామని వీరు మాటిచ్చి ఉన్నారు. ఆ పాత్ర హార్నెట్, చేత సూదీ దారమూ ధరించిన వీరనారి. చిన్న అనుబంధంగా మొదలుపెట్టిన ఆమె కథ చేతిలో పెరిగిపోయింది. 2019 ఫిబ్రవరి 14న, ఇది ఇక అనుబంధం కాదు, 'సిల్క్‌సాంగ్' అనే పూర్తి ఆట అని ప్రకటించారు. నాడు చందా ఇచ్చినవారికి ఉచితమన్నారు. ఆ జూన్‌లో కొంత భాగం ఆడి చూపారు కూడ. వాసకసజ్జికలందరూ ముస్తాబై కూర్చున్నారు.

2020 చివర 'ఎడ్జ్' అనే పత్రికలో ముఖపత్ర వ్యాసం వచ్చింది. పిమ్మట చడీ చప్పుడు లేదు. వీడియో ఆటల లోకానికి కొన్ని పర్వదినాలున్నాయి. జూన్‌లో అమెరికా ప్రదర్శనలు, ఆగస్టులో జర్మనీలోని కొలోన్ నగరపు గేమ్స్‌కామ్, డిసెంబరులో పురస్కారాల రాత్రి, నడుమ నింటెండో వారి ప్రసారాలు. ప్రతి పర్వానికీ సిల్క్‌సాంగ్ అభిమానులు ఆశతో కూర్చునేవారు. ప్రతిసారీ నిరాశ. తమను తాము విదూషకులుగా చిత్రించుకొని, ముఖానికి రంగు పూసి ఎర్ర ముక్కు పెట్టుకొన్న బొమ్మలు పంచుకొనేవారు. తమ ఆశను తామే వెక్కిరించుకోవడం! ఇది మా కాలంలో లేని విద్య.

2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ వారి ప్రసారంలో ఆట కనబడింది. ఇక్కడ చూపినవన్నీ పన్నెండు నెలలలో ఆడవచ్చునన్నారు. 2023 మేలో, ఆట చాలా పెద్దదైపోయింది, ఇంకా సమయం కావాలి అని సంస్థ తరఫున మాథ్యూ గ్రిఫిన్ వార్త చెప్పాడు. విప్రలబ్ధలకు ఆ ఏడు కొరత లేదు.

ఈ ఎడారిలో ఒక అభిమాని ఏళ్ల తరబడి ప్రతిదినమూ చేసిన పని నన్ను ఆకట్టుకొన్నది. యూట్యూబులో 'డెయిలీ సిల్క్‌సాంగ్ న్యూస్' అని ఒక వార్తావాహిని పెట్టి, ఈరోజు వార్త ఏమీ లేదు అని ప్రకటించేవాడు. రేపు మళ్లీ అదే. నిత్యసంధ్యావందనం వలె! దానిని వేలాదిమంది చూచేవారు. "వార్త లేదని తెలుసు కదరా, మళ్లీ చూడడమెందుకు?" అని మనవణ్ణి అడిగాను. "తాతయ్యా, వార్త లేదని ఒకరు చెబుతుంటే, నేనొక్కణ్ణే ఎదురుచూడటం లేదని తెలుస్తుంది" అన్నాడు. ఆట ప్రకటించినప్పుడు వాడు ఎనిమిదవ తరగతి. నడుమ పదవ తరగతి, ఇంటర్మీడియట్, అన్నిటికంటె మించి ఆ కరోనా కాలం గడిచాయి. అది విడుదలయ్యేనాటికి ఇంజనీరింగు మూడవ సంవత్సరంలో ఉన్నాడు. బాల్యం నుండి యౌవనానికి వెళ్లే దారి మొత్తం ఒక రాని కబురు వాడి వెంట నడిచింది.

2025 జనవరిలో పెలెన్ ఒక సామాజిక మాధ్యమంలో తన బొమ్మ తీసివేసి చాక్లెట్ కేకు బొమ్మ పెట్టుకొన్నాడు. అంతే! ఆ కేకు ఎక్కడిది, ఆ ఛాయాచిత్రం ఏనాటిది, దీని గూఢార్థమేమి అని వ్యాఖ్యానాలు వెల్లువెత్తాయి. శ్లేషకావ్యాలకు టీకలు వ్రాసిన మన పండితులు కూడ ఒక కేకు నుండి అన్ని అర్థాలు పిండి ఉండరు. అందులో ఏ సంకేతమూ లేదనీ, ఆట మాత్రం నిజమే, పని సాగుతున్నదనీ గ్రిఫిన్ చెప్పవలసి వచ్చింది. ఏప్రిల్ 2న నింటెండో ప్రసారంలో క్షణకాలం కనబడి, 2025 అన్న అంకెను మాత్రం చూపి మాయమైంది. చివరికి ఆగస్టు 21న తేదీ చెప్పారు. సెప్టెంబరు 4. ఆరున్నరేండ్లు ఆగినవారికి రెండు వారాల గడువు! అదే సమయానికి తమ ఆటలను విడుదల చేయదలచిన చిన్న సంస్థలు పలువురు, ఈ ఏనుగు ముందు మనమెక్కడ అని తమ తేదీలు మార్చుకొన్నారు.

అదే రోజున ఆ మిత్రులిద్దరూ బ్లూమ్‌బర్గ్ వారితో మాట్లాడారు. పని ఎక్కడా చిక్కుపడలేదట. ఆనందంగా చేస్తూ ఉండిపోయారట. గిబ్సన్ కొత్త బొమ్మలు గీయడం ఆపకపోతే పదిహేనేళ్లు పట్టేదని గ్రహించి ఆపాడట. ఇంకా చేస్తూనే ఉన్నామని పదేపదే చెప్పడం జనానికి చిరాకు పుట్టిస్తుందని మౌనంగా ఉన్నారట.

ఇక్కడ నా అభిప్రాయం చెప్పక తప్పదు. త్రీడీ రెల్మ్స్‌కూ, టీమ్ చెర్రీకీ ఆరంభదశలో పోలిక ఉంది. ఇద్దరికీ మొదటి ఆట ధనం తెచ్చింది. ఆ ధనం వల్ల, త్వరగా ముగించమని గద్దించగల యజమాని లేకపోయాడు. స్వేచ్ఛ ఒకరిని ముంచి మరొకరిని తేల్చడానికి కారణం, డ్యూక్‌ను తయారుచేసినవారు ఇతరుల కొత్త సాంకేతికత వెంట పరుగులు తీయడమే. ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఇంకా మెరుగైనది చూపేవారు, వీరు కట్టినది పడగొట్టేవారు. అడిలైడు మిత్రులు గీసినది రెండు కొలతల చేతిబొమ్మ. అది పాతబడదు. చేసినది చేసినట్లే నిలిచి, దానిపై మరొకటి చేరింది. ఇంతవరకు వారి పక్షమే. కాని మౌనం విషయంలో వారి వాదం నాకు పూర్తిగా రుచించలేదు. మూడు నెలలకొక ఉత్తరం ముక్క, కుశలమే అని వ్రాస్తే ఎవరికి చిరాకు? హాస్టలులో పిల్లలను ఉంచిన తల్లిదండ్రులను అడిగితే చెబుతారు.

సెప్టెంబరు 4న, మన దేశంలో రాత్రి ఏడున్నరకు, అంగళ్లు తెరిచారు. అందరూ ఒక్కమారు తలుపు తోయడంతో స్టీమ్, నింటెండో, ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ దుకాణాలన్నీ తడబడ్డాయి. ధర ఇరవై డాలర్లే. ఆ తొలి దినాలలోనే ఒక్క స్టీమ్ మీద ఏకకాలంలో ఐదు లక్షలమందికి పైగా ఆడారు. మనవడు హాస్టలు నుండి ఫోను చేసి, డబ్బు కట్టే పుటలోనే అరగంట నుండి తిరుగుతున్నానన్నాడు. గొంతులో విసుగు ఏ కోశానా లేదు.

ఆట బాగున్నదనే ఎక్కువమంది మాట. మరీ కఠినమని కొందరి గోల. నాకు ఆసక్తి కలిగించినది మాత్రం చైనావారి ఫిర్యాదు. స్టీమ్ మీద ఆ భాషలోని అభిప్రాయాలు తొలినాళ్లలో ఎక్కువగా ప్రతికూలంగా వచ్చాయి. ప్రధాన కారణం అనువాదం! ఆంగ్లమూలంలో పొదుపుగా, గంభీరంగా ఉన్న మాటలను చీనీలో పాత కత్తివీరుల నవలల ఫక్కీలో, కృతక ప్రాచీన శైలిలో దించారని వారి ఆవేదన. అనువాదాన్ని మెరుగుపరుస్తామని సంస్థ తరఫున గ్రిఫిన్ మాటిచ్చాడు. ఆరున్నరేండ్లు వేచి, కబురు అందాక దాని భాష బాగాలేదని ఇంతమంది పాఠకులు నిలదీయడం! గ్రాంథిక వ్యావహారిక వాదాలు మనకే పరిమితమని తలచేవారు గమనింతురు గాక. నేను ఏ పక్షమో ఈ పుటలు చదివే మిత్రులకు తెలుసు గాని, అడిలైడు పురుగుల చేత గ్రాంథికం పలికించమని నేను కూడ అడగను. ఆ ఆట పది భాషలలో వచ్చింది. వాటిలో తెలుగు లేదు, మన దేశపు భాష మరేదీ లేదు. హార్నెట్ మాటలను నాకు ఫోనులో తెనిగించి వినిపించే పని మనవడు పెట్టుకొన్నాడు. "సూది" అనడమా, "శూలం" అనడమా అన్న దగ్గర మాకు ఇంకా తేలలేదు.